గీత ఎవరిది?

ఇంట్లో ఏదైనా పగిలిందనుకోండి. గాజుగ్లాసో, ఊరగాయ జాడీయో, ఏదో ఒకటి. వంటింట్లోంచి చప్పుడు వినపడగానే మన నోటివెంట వచ్చే మొదటి మాట ఏమిటి? "ఎవరే అది?" అంతేగా! "ఎలా పగిలింది?" అని ముందుగా అడిగిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. నన్నూ కలుపుకునే చెబుతున్నాను, కోప్పడకండి. ఎవరన్నది తేలిపోయాక ఎలా అన్నదానితో మనకి పనుండదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా? కుండ పాతదో కొత్తదో కుండని చూసి చెప్పాలి గాని, కొట్టినవాళ్ల మొహం చూసి కాదుగదా! అయినా మొహం చూసే చెబుతాం.

ఈ తప్పు నేనూ చేశాను. కుండ విషయంలో కాదు, ఒక ఫొటో ఫిల్ము విషయంలో. చేసింది తప్పని తెలియడానికి నాకు నలభై రెండేళ్లు పట్టింది.

మాది రాజమండ్రి. మావారికి ఉద్యోగం బాంకులో, ప్రాణం ఫొటోల్లో. 1974లో ఎవరో బదిలీ మీద వెళ్లిపోతూ అమ్ముతుంటే ఒక మడత కెమెరా కొన్నారు. తెరిస్తే హార్మోనియం తిత్తిలాగా ముందుకి వచ్చేది. రోలుకి పన్నెండు ఫొటోలు. ఊటీలో ప్రభుత్వంవారి ఫాక్టరీలో తయారైన 'ఇందు' ఫిల్ము వేసేవారు, అది దొరక్కపోతే తూర్పు జర్మనీ నుంచి వచ్చే 'ఓర్వో'. ఇప్పుడు ఆ ఊటీ ఫాక్టరీ మూతపడింది, ఆ తూర్పు జర్మనీయే లేదు. సరే, ఆ సంగతి ఎందుకు గాని, మొదట్లో రోళ్లు స్టూడియోలో కడిగించేవారు. ఓసారి నెగెటివ్ మీద ఎవరిదో బొటనవేలి ముద్ర, పక్కన కాఫీ చుక్కలాంటి మరకా కనిపించాయి. అంతే, "ఇకమీదట మన ఫిల్ము మన ఇంట్లోనే కడుక్కుందాం" అన్నారు. "మనం" అంటే ఆయన కడగడం, నేను నీళ్లు మొయ్యడం.

చెప్పొద్దూ, నేను జన్మలో ఏ వంటకీ అంత కొలత పాటించలేదు. లీటరు నీళ్లకి రెండు గ్రాముల మెటాలు, నూరు గ్రాముల సోడియం సల్ఫైటు, అయిదు గ్రాముల హైడ్రోక్వినోను, రెండు గ్రాముల బొరాక్సు. కంసాలి దగ్గర కొన్న చిన్న త్రాసు పెట్టి తూచేవారు. డి-76 అని దాని పేరు. ఆ మందు ఇరవై డిగ్రీల చల్లదనంలో ఉండాలిట. రాజమండ్రిలో మే నెలలో ఇరవై డిగ్రీలు ఎక్కణ్ణుంచి తెస్తారు? సోడాకొట్టు నుంచి రంపప్పొట్టులో చుట్టిన ఐసుగడ్డ తెప్పించి, వెడల్పు బేసినులో ఐసునీళ్లు పోసి, అందులో మందు సీసా నిలబెట్టేవారు. నేను పెరుగుకుండ కూడా అంత ముద్దుగా చూసుకోలేదు.

రాత్రి భోజనాలయ్యాక స్నానాలగది తలుపు సందుల్లో నా పాతచీరలు కుక్కి లోపలికి వెళ్లేవారు. సినిమాల్లో ఎర్రదీపం చూపిస్తారు చూడండి, అది కాగితం మీద బొమ్మ వేసేటప్పుడు. ఫిల్ముకి ఆ ఎర్రదీపం కూడా శత్రువే. కటిక చీకట్లో, వేళ్లతో తడుముకుంటూ, మూడడుగులకి కాస్త తక్కువుండే ఆ రిబ్బన్ని చక్రంలాంటి దానిలోకి ఎక్కించాలి. ఎక్కకపోతే లోపల్నించి విసుర్లు వినిపించేవి. పిల్లలు బయట కూచుని, "నాన్నగారు ఫిల్ముతో పోట్లాడుతున్నారు" అనుకునేవారు.

అంత శ్రద్ధగా చేసినా మచ్చలు పడేవి. ఇల్లన్నాక దుమ్ము ఉంటుంది, నీళ్లన్నాక సున్నం ఉంటుంది, మనిషన్నాక చెయ్యి వణుకుతుంది. కాని మావారిలో ఒక గొప్ప గుణం ఉండేది. మచ్చ కనపడగానే "అయ్యో!" అనేవారు కాదు, "ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అనేవారు. నోటు పుస్తకం ఒకటి పెట్టి, మచ్చ బొమ్మ గీసి, ఎదురుగా కారణం రాసేవారు. నేను దానికి 'మచ్చల పుస్తకం' అని పేరు పెట్టాను.

ఆ పుస్తకం చదువుతుంటే నాకు వంటింటి వైద్యం గుర్తొచ్చేది. నెగెటివ్ మీద గుండ్రంగా, గాజుపూసల్లాగా ఖాళీ చుక్కలుంటే, మందు పోసినప్పుడు గాలిబుడగలు అతుక్కుని ఉండిపోయాయన్నమాట. మందు పోయగానే డబ్బాని రెండుసార్లు బల్లకేసి తట్టాలి. ఇడ్లీ పళ్లెం తట్టినట్టు. నెలవంకలాగా, గోరు గుచ్చినట్టు వంపు మచ్చ ఉంటే, చీకట్లో చుట్టేటప్పుడు ఫిల్ము మడత పడిందని. ఎండిన చెరువు బీటలు వారినట్టు బొమ్మంతా చిట్లిపోతే, చల్లటి మందులోంచి తీసి ఒక్కసారిగా వేడినీళ్లలో వేశారని. పైపూత జిగురులాంటిది, పాపం, ఒక్కసారిగా అంత మార్పు తట్టుకోలేక ముడతలు పడిపోతుంది. (కొత్తకోడళ్లు కూడా అంతే అనుకునేదాన్ని, పైకి అనలేదు.) ఆరాక తెల్లగా పొడుగాటి మరకలుంటే నీళ్లలో సున్నం. ఆఖరున డిస్టిల్డ్ వాటర్లో ముంచి తీస్తే పోతాయి. బాటరీకి పోసే ఆ నీళ్ల కోసం మా పెద్దవాణ్ణి ఎన్నిసార్లు మెకానిక్ షెడ్డుకి పంపామో!

అన్నింటికన్నా ఎక్కువ పేజీలు గీతలకి పెట్టారు. ఫిల్ముకి రెండు పక్కలుంటాయి. ఒకవైపు మందు పూత, కాస్త మసకగా ఉంటుంది. రెండోవైపు ఉత్త ప్లాస్టిక్కు, తళతళలాడుతుంది. గీత నిగనిగలాడే వైపు పడితే బొమ్మకి నిజానికి ఏ దెబ్బా తగల్లేదు. వీపు మీద గీసుకుపోయిందంతే. దానికి ఒక నాటు వైద్యం ఉంది, నవ్వకండి. ముక్కు పక్కనుండే జిడ్డు వేలితో తీసి ఆ గీత మీద సన్నగా రాస్తే, గాడి పూడుకుని వెలుతురు తిన్నగా పోతుంది, ప్రింటులో గీత కనపడదు. పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్లు కూడా ఈ పని చేసేవారట. మందు పూత వైపు గీత పడి పూత లేచిపోతే మాత్రం ఎవరి ముక్కూ ఏమీ చెయ్యలేదు. అక్కడున్న బొమ్మే పోయింది కదా!

ఇంత తెలిసిన మనిషి. అందుకే నాకిప్పటికీ ఆశ్చర్యం.

1981 వేసవిలో మా అత్తయ్యగారు పెరట్లో అరుగు మీద కూచుని ఆవకాయకి కాయలు తుడుస్తున్నారు. ఆవిడకి ఫొటో అంటే గిట్టదు. "ఆయుష్షు తగ్గుతుందిరా" అనేవారు. ఎంత బతిమాలినా తల తిప్పేసుకునేవారు. ఆ వేళ ఏ కళనున్నారో, మావారు "అమ్మా, ఒక్కటి" అంటే తల ఎత్తి చూశారు. వెనకాల నీడ, మొహం మీద మెత్తటి వెలుగు. ఆయన నొక్కేశారు. ఆ రాత్రే కడిగారు. దీపానికెదురుగా పెట్టి చూసి, "కుదిరింది!" అని ఒక్క గంతు వేశారు. నలభై ఏళ్ల మనిషి! పెరటి వసారాలో తీగకి బట్టల క్లిప్పు పెట్టి, కింద బరువుకి ఇంకో క్లిప్పు తగిలించి ఆరవేశారు.

మా మరిదికి ముందు సంవత్సరమే పెళ్లయింది. తోటికోడలు పంతొమ్మిదేళ్ల పిల్ల. తెల్లవారుజామున ముగ్గు వెయ్యడానికి లేచింది. ఫిల్ము మీద నీటిచుక్కలు నిలిచి ఉన్నాయి. నీళ్ల మరకలు పడతాయని మేమనుకుంటుండగా విన్నదే. పాపం మంచి చెయ్యబోయి, మెత్తటి నూలుచీర కొంగుతో చివరనున్న నాలుగు చుక్కలూ అద్దింది. సరిగ్గా అప్పుడే మావారు లేచి వచ్చారు. "ముట్టుకోకు!" అని ఒక్క కేక. ఆ పిల్ల కొంగు వదిలేసి లోపలికి పరుగెత్తింది.

మర్నాడు ప్రింటు వేస్తే అత్తయ్యగారి మొహం మీద గీత. ఎడమ చెంప నుంచి ముక్కు మీదుగా కుడి చెంప దాకా, స్కేలు పెట్టి గీసినట్టు సన్నటి తెల్లగీత. ఆ రోజు మావారు మచ్చల పుస్తకం తెరవలేదు. నెగెటివ్‌ని వెలుతురులో అటూ ఇటూ వంచి చూడలేదు. చూడాల్సిన పనేముంది? చెయ్యి కనపడింది. కొంగు కనపడింది. తీర్పు అయిపోయింది.

మూడు నెలలకి అత్తయ్యగారు పోయారు. ఆవిడ మొహం ఎదురుగా చూస్తున్న ఫొటో అదొక్కటే. స్టూడియోలో ఇచ్చి ఎన్‌లార్జ్ చేయించాం. అక్కడి టచింగ్ ఆయన సన్నకుంచెతో గీత పూడ్చబోయి ఆవిడ ముక్కు కింద మీసంలాగా తెప్పించాడు. అది మాకొద్దని గీతతోనే ఇంకోటి వేయించి పటం కట్టించాం. ఏటా ఆబ్దికానికి దండ వేసి ఆ పటం ముందు కూచునేవాళ్లం. అందరి కళ్లూ మొదట గీత మీదికి వెళ్లేవి. ఆ తరువాత, ఒక్క క్షణం, మా తోటికోడలి మీదికి.

ఒక్కటి చెప్పాలి. మేమెవ్వరం ఆ పిల్లని పల్లెత్తు మాట అనలేదు. ఆ సంగతి చాలా ఏళ్లు గొప్పగా కూడా చెప్పుకున్నాను. "మా ఇంట్లో దెప్పిపొడవడాలు లేవండీ" అని. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, అని ఉంటేనే బాగుండేదేమో! అంటే ఆమె ఎదురు చెప్పేది. "నేను అద్దింది అడుగున ఖాళీ ఫిల్ము మీద, అత్తయ్యగారి బొమ్మ దాకా నా చెయ్యే పోలేదు" అని ఉండేది. మనం అనని మాటకి ఎదుటివాళ్లు జవాబెలా చెబుతారు? మేం చేసిందల్లా ఏమిటంటే, గాజు సామాను దించాలంటే "నువ్వుండమ్మా, నేను తీస్తాలే" అనడం. పసిపిల్లకి నీళ్లు పోస్తుంటే పక్కన నిలబడడం. కెమెరా బయటికి తీస్తే ఆమె దానంతట అదే దూరంగా జరిగిపోయేది. గ్రూపు ఫొటోల్లో అన్నింట్లోనూ చివర, సగం తలుపు చాటున ఉంటుంది.

మరి నాకు లోపల ఏమనిపించేది? నిజం చెప్పేస్తాను. హాయిగా ఉండేది. ఆమె వచ్చేదాకా ఆ ఇంట్లో పగిలిన ప్రతి వస్తువుకీ నేనే జవాబుదారీని. పొంగిన పాలు, మాడిన పప్పు, ఆరుబయట తడిసిన అప్పడాలు, అన్నీ నా ఖాతాయే. ఇప్పుడు ఖాతా ఇంకొకరి పేరు మీదికి మారింది. ఎవరు మాత్రం వద్దంటారు?

మావారు పోయి తొమ్మిదేళ్లు దాటింది. ఆయన బీరువా నేను ముట్టుకోలేదు. 2023 సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా మనవరాలు వచ్చింది. దానికి తాతగారి పిచ్చే పట్టింది. చేతిలో ఫోనుతో రోజుకి వంద ఫొటోలు తియ్యగలిగిన పిల్ల, పాతకెమెరా కొనుక్కుని, ఫిల్ము తెప్పించుకుని, హాస్టలు బాత్రూములో కడుగుతుందిట! "ఎందుకే ఈ తిప్పలు?" అంటే "తప్పు చేస్తే తెలుస్తుంది నానమ్మా, అందుకు" అంది. బీరువా తెరిచింది. ఒక్కొక్క రోలుకీ ఒక్కొక్క కవరు, మీద తారీకు, ఊరు, ఎండా నీడా అన్నీ ఆయన ముత్యాల రాతలో ఉన్నాయి. పక్కనే మచ్చల పుస్తకం.

అత్తయ్యగారి నెగెటివ్ తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. కాసేపు చూసి, "నానమ్మా, ఈ గీత ఎలా పడిందన్నావు?" అంది. చెప్పాను. అది నవ్వింది. "కానే కాదు" అంది.

అది చెప్పింది మీకూ చెబుతాను, తేలికే. నెగెటివ్‌లో అన్నీ తలకిందులు కదా. తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా ఉంటుంది. కడిగి ఆరేసిన ఫిల్ముని ఎవరైనా గీకితే అక్కడున్న పూత లేచిపోతుంది. నెగెటివ్‌లో అక్కడ ఖాళీ గీత వస్తుంది, ప్రింటులో నల్లగా పడుతుంది. నిగనిగలాడే వైపు గీకితే ప్రింటులో తెల్లగా పడొచ్చు గాని, ఫిల్ముని వాలుగా వంచి వెలుగులో చూస్తే గాడి కంటికి కనపడుతుంది. దీని మీద ఏ గాడీ లేదు. రెండు పక్కలా నున్నగా ఉంది. గీత మాత్రం నెగెటివ్‌లో నల్లగా ఉంది! నల్లగా ఎప్పుడవుతుంది? కడగకముందు పూత మీద ఏదైనా గట్టిగా ఒరుసుకుంటే, ఆ ఒత్తిడికి అక్కడి మందు వెలుతురు సోకినట్టే చెడుతుంది. తరువాత కడిగినప్పుడు బొమ్మతోపాటు అదీ నల్లబడుతుంది. అంటే ఆ గీత ఫిల్ము నీళ్లు చూడకముందే, కెమెరాలోనే పడింది. కడిగాక కొంగు కాదు, కత్తి పెట్టినా నల్లగీత పడదు. అదీగాక గీత ఒక్క అత్తయ్యగారి మొహంతో ఆగలేదు. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీలోంచి కూడా, ఈ చివర నుంచి ఆ చివర దాకా రైలుపట్టాలాగా పోయింది.

"తాతగారి పుస్తకంలోనే ఉంది చూడు" అని పేజీ చూపించింది. ఆయన రాతే. "నల్లగీత, తిన్నగా: కడగకముందు. కెమెరా లోపల రోలరు చూడాలి." తారీకు 1976. అయిదేళ్ల ముందే రాసిపెట్టుకున్నారు!

ఆ సాయంత్రం మేమిద్దరం కవర్లన్నీ ముందేసుకుని కూచున్నాం. 1978 రోళ్లు శుభ్రంగా ఉన్నాయి. 1979లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. ఆయన రెండు రోళ్లు తీశారు. మొదటి రోలులో గీత లేదు. రెండో రోలులో మొదటి బొమ్మ నుంచే ఉంది. అక్కణ్ణుంచి ఏ రోలు తీసినా ఉంది, అదే ఎత్తులో. అప్పటికి మా తోటికోడలు మా ఇంటి కోడలే కాదు.

మరి ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు కనపడలేదు? కనపడింది! పుష్కరాల ఫొటోల్లో అది ఆకాశంలో పడింది. తెల్లటి ఆకాశంలో తెల్లటి గీత ఎవరికి ఆనుతుంది? మామిడితోట ముందు మా పిల్లలు నిలబడ్డ ఫొటోలో చెట్ల మీదుగా స్పష్టంగా ఉంది. దాన్ని మేమంతా కరెంటు తీగ అనుకున్నాం. తోటలో కరెంటు ఎక్కడిదని ఎవరూ అనుకోలేదు. అత్తయ్యగారి మొహం మీదికి వచ్చాక గాని అది గీత కాలేదు.

ఇంకోటి చూసి నాకు నోట మాట రాలేదు. 1982లో మా చిన్నదాని అన్నప్రాశన. 1983లో మా నాన్నగారి షష్టిపూర్తి. అన్నింట్లోనూ అదే గీత. దోషి దొరికిపోయింది కాబట్టి కెమెరాని ఎవరూ అనుమానించలేదు. వెనక తలుపు తెరిచి, ఆ రోలరు మీద ఓ మెత్తటి గుడ్డ తిప్పి ఉంటే పోయేది. నిమిషం పని. ఆ పిల్లని అనుమానించడం మాకు ఆ నిమిషం కన్నా తేలికయింది. కెమెరాని అనుమానిస్తే దాన్ని శుభ్రం చెయ్యాలి. మనిషిని అనుమానిస్తే మనం చెయ్యాల్సిందేమీ లేదు.

నా మొహం చూసి మా మనవరాలు ఓదార్పుగా ఒక కథ చెప్పింది. కథ కాదు, జరిగిందే. 1944 జూన్ 6న రెండో ప్రపంచయుద్ధంలో మిత్రసైన్యాలు ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగాయి. రాబర్ట్ కాపా అనే ఫొటోగ్రాఫరు సైనికులతోపాటు నీళ్లలోకి దిగి, గుళ్ల మధ్య నిలబడి ఫొటోలు తీశాడు. ఫిల్ములు లండనులో 'లైఫ్' పత్రిక ఆఫీసుకి చేరాయి. చివరికి పదీ పదకొండు బొమ్మలు తప్ప ఏమీ మిగల్లేదు. మిగతావేమయ్యాయి? చీకటిగదిలో పనిచేసే కుర్రవాడు తొందరలో, ఆరబెట్టే బీరువాలో వేడి ఎక్కువపెట్టి కరిగించేశాడని చెప్పారు. కాపా 1947లో వచ్చిన తన పుస్తకంలోనూ ఆ మాటే రాశాడు. త్వరగా కావాలని ఆ కుర్రవాణ్ణి తొందరపెట్టింది తానేనని అప్పటి ఎడిటరు జాన్ మోరిస్ కూడా ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. అలా డెబ్బై ఏళ్లు! లోకంలో ఫొటోల గురించి రాసినవాళ్లందరూ ఆ కుర్రవాడి తప్పు గురించి రాశారు.

2014లో ఎ.డి. కోల్‌మన్ అనే అమెరికన్ విమర్శకుడూ మరికొందరూ కూచుని, అసలు ఆ ఫిల్ము ఆ బీరువా వేడికి అలా కరుగుతుందా అని ఫిల్మునే అడిగారు. కరగదని వాళ్ల వాదన. కాపా తీసిందే ఆ కాసిని ఫొటోలు అయి ఉండాలన్నారు. కాపా 1954లోనే ఇండోచైనాలో మందుపాతర పేలి పోయాడు, ఆయన్ని అడగడానికి లేదు. మోరిస్ గారు మాత్రం ఉన్నారు, తొంభై దాటిన వయసు. మిగతా ఫొటోలు అసలు తీసి ఉండకపోవచ్చని ఆ ఏడే ఆయనా ఒప్పుకున్నారు. ఆ వయసులో అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు, నేను నమస్కారం పెడతాను. కాని నాకు ఆ కుర్రవాడి మీదే ధ్యాస. అతనికి ఎవరు చెప్పారు? తన చేతుల మీదుగానే చరిత్ర కరిగిపోయిందని నమ్ముకుంటూ ఎన్ని రాత్రులు గడిపాడో!

ఇక్కడ నన్నొక సందేహం పట్టుకుంది. మీతో కాకపోతే ఎవరితో చెప్పుకుంటాను? పుష్కరాల్లో ఆ రెండో రోలు ఎక్కించింది కోటగుమ్మం దగ్గర మెట్ల మీద. ఎండలో రోలు మార్చకూడదని, కెమెరాని నా ఒళ్లో పెట్టి తెరిచారు. నేనే నా కొంగు చాటు పట్టాను. స్నానం చేసి వచ్చిన కొంగు, గోదావరి ఇసకతో గరగరలాడుతున్న కొంగు. ఆ ఇసకరేణువు అందులోంచే రాలిందేమో! ఈ మాట అనుకోగానే ఒళ్లు జలదరించింది. గీతకి కారణం కొంగేనా? అయితే ఆమెది కాదు, నాదా?

రెండు రోజులు ఇదే ఆలోచన. మూడోనాడు నా మీద నాకే నవ్వొచ్చింది. మళ్లీ "ఎవరు?" అనే కదా వెతుకుతున్నాను! గాలికి వచ్చి పడిందేమో, ఆయన చేతినుంచే పడిందేమో. అది ఇసకరేణువు. దానికి నా మీద కోపం లేదు, అత్తయ్యగారి మీద భక్తీ లేదు. కాని ఇలా అనుకోవడంలో కూడా ఒక మోసం ఉందండీ. కొంగు ఆమెదైనప్పుడు దోషం, నాదైనప్పుడు ఇసకరేణువూ గాలీనా? ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లని చూసి నవ్వుతాం. మద్దెల నిజంగా ఓడైనప్పుడు ఆడినమ్మాయిని తిట్టినవాళ్లనేమనాలి? రోలరుకి దోషం లేదు, రేణువుకి దోషం లేదు. చూడగలిగి ఉండీ చూడనివాళ్లకి ఉంది. మావారు చూడగలరు. పుస్తకం రాసినదే ఆయన. నేను? కవర్లు సర్దింది నేను. మామిడితోటలో కరెంటు తీగని చూసింది నేను.

మరి చెప్పాలా వద్దా? ఇదింకో ధర్మసందేహం. నలభై రెండేళ్ల తరువాత ఎందుకు కెలకడం, ఆమె మరిచిపోయి ఉంటుంది, మావారికి చెడ్డపేరు, అని ఒక మనసు. ఎదుటివాళ్లు మరిచిపోయారని తప్పు చేసినవాళ్లు అనుకోవడం ఎంత సులువో చూడండి. మనవరాలు ఒక్కమాటలో తేల్చేసింది: "ఆవిడ వస్తువు ఆవిడకి ఇచ్చెయ్యి నానమ్మా."

వాళ్లు కాకినాడలో ఉంటారు. కనుమ వెళ్లిన మర్నాడే బయలుదేరాం. ఆమె గోరుచిక్కుళ్లు పీచు తీస్తోంది. అరవై దాటాయి, జుట్టు నాకన్నా తెల్లబడింది. నేను కూచుని, నెగెటివ్ తీసి, కూడబలుక్కున్నదంతా చెప్పాను. నల్లగీత, రోలరు, పుష్కరాలు, నా కొంగు, అన్నీ. వింటూ వింటూ చేతిలో కాయ అలాగే పట్టుకుని కూచుంది.

"అయితే నేను కాదా అక్కయ్యా?" అంది చివరికి.

నేననుకున్నది వేరు. తను చెయ్యలేదని ఆమెకి ఎప్పుడూ తెలుసుననీ, మా అన్యాయాన్ని ఓర్చుకుందనీ అనుకున్నాను. కాదు. ఆమె మాకన్నా గట్టిగా నమ్మింది. అడుగున నాలుగు చుక్కలే అద్దానని తెలిసీ, కొంగు చివర ఎక్కడో పైకి తగిలే ఉంటుందని తనే సాక్ష్యం కల్పించుకుంది.

"బావగారు చూసి ఉండచ్చు కదా" అంది కాసేపాగి. కోపంగా కాదు. "ఆయనకి అన్నీ తెలుసుగా."

దానికి నా దగ్గర జవాబు లేదు. వాళ్ల అమ్మ ఫొటో కదే, అందామనుకున్నాను. అది జవాబు కాదని నాకే తెలిసి ఊరుకున్నాను.

మనవరాలు ఫోనులో అత్తయ్యగారి ఫొటో తెరిచి చూపించింది. కొత్తగా స్కాను చేసింది, వేలెడంత మొహం అరచెయ్యంత కనపడుతోంది. "ఈ గీత తీసెయ్యడం రెండు నిమిషాల పని చిన్ననానమ్మా, తీసెయ్యనా?" అంది. నేను అడ్డుపడ్డాను. వద్దే, ఉండనీ, ఆ గీత ఇప్పుడు సాక్షి, దాన్ని చెరిపేస్తే జరిగినదాన్ని చెరిపేసినట్టే, రేపు పిల్లలకి చెప్పాలంటే చూపించడానికి ఏం మిగులుతుంది, అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. దారంతా రైల్లో ఆలోచించుకొచ్చిన మాటలు మరి.

"తీసెయ్యమ్మా" అంది మా తోటికోడలు, నా వైపు చూడకుండానే. "ఏటా ఆ గీత చూసి తల దించేసుకోవడమేగాని, ఇన్నేళ్లలో నేను అత్తయ్యగారి మొహం చూసింది లేదు."

పిల్ల ఏదో నొక్కింది. ఫోను చేతికిచ్చింది. ఆమె కళ్లజోడు తుడుచుకుని, చెయ్యి కొంగుకి తుడుచుకుని, అంచులు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమే, అక్కయ్యా" అంది. నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. "ఆవిడ నవ్వుతున్నారే ఇందులో!"